కోత పండుగలో మూడు వేల ఆరొందల పాయింట్లు

నెల్లూరు, వేదాయపాళెం
3 ఫిబ్రవరి 2025

ప్రియమైన మగ్దలీనక్కకు,

తమ్ముడు జడ్సన్ వందనాలు. నేనూ ఏంజెలినూ క్షేమం. నువ్వు మన ఊరు కోటలో క్షేమంగా ఉన్నావని, రిటైరై పన్నెండేళ్ళయినా ఆదివారం బడి పిల్లల్ని ఇంకా బెత్తం చూపించి భయపెడుతున్నావని తలుస్తాను. ఫోన్‌లో మాట్లాడదామంటే నీకు వినపడదు. నేను అరిస్తే మా పక్కింటి హరినాథ్ గారు అక్కాతమ్ముళ్ళు ఆస్తి కోసం కొట్లాడుకుంటున్నారని అనుకుంటున్నారు. సెల్లులో రాసి పంపమంటే నీ వేలి కింద ఒకేసారి మూడు అక్షరాలు పడతాయంటావు. అందుకే ఈ ఉత్తరం.

అబిగయీలు ఉత్తరం నాకూ అందింది. ఒక్కో అక్షరం గారె అంత ఉంది. రెండేళ్ళ కిందట ఎడమ కన్ను పోయింది కదా, ఇప్పుడు ఆ నీటికాసుల జబ్బు కుడి కంటికీ పాకిందట. మన ముఖాలు ఇంకా కనిపిస్తున్నప్పుడే ఒకసారి వచ్చి పొమ్మని రాసింది. నలభై ఏళ్ళ కిందట నర్సు ఉద్యోగానికి అస్సాం పోయిన పిల్ల, అమ్మ పోయినప్పుడు వచ్చి వెళ్ళింది. అదీ పంతొమ్మిదేళ్ళ నాటి మాట. ఇన్నేళ్ళలో మనల్ని ఏదీ అడగలేదు.

పోదాం అక్కా, తప్పకుండా పోదాం. కాకపోతే పద్ధతిగా పోదాం. నా దగ్గర మూడు క్రెడిట్ కార్డులున్నాయి. పెట్రోలుకు ఒకటి, పచారీ సామానుకు ఒకటి, ప్రయాణాలకు ఒకటి. ఏది కొన్నా పాయింట్లు వస్తాయి. మద్రాసు నుంచి గువాహటికి ఇద్దరికి విమానం టికెట్లు ఊరికే రావాలంటే నలభై వేల పాయింట్లు కావాలి. ముప్పై ఆరు వేలు ఉన్నాయి. మార్చి 31తో గడువు తీరిపోతుంది. అందుకే నా కార్డుకు జతగా నీ పేరు మీద ఇంకో కార్డు తీసి ఈ రిజిస్టరు పోస్టులో పంపుతున్నాను. మందులు, గ్యాసు, బియ్యం, ఏది కొన్నా దీనితోనే కొను. బిల్లు నేను చూసుకుంటాను. నువ్వు ఖర్చు పెట్టేకొద్దీ అబిగయీలు దగ్గరవుతుందని అనుకో.

పోయిన ఏడాది కూడా పోదామంటే ఆగమన్నానని నువ్వు కోప్పడ్డావు. ఆగినందుకు లాభమే తప్ప నష్టం లేదు.

నీ తమ్ముడు,
జడ్సన్

తా.క.: పాయింట్ల కోసం పోయిన దీపావళికి రెండో ఫ్రిజ్జు కొన్నాను. పెట్టడానికేమీ లేక అందులో పాత పేపర్లు పెట్టాం. చల్లగా ఉన్నాయి.

కోట
10 ఫిబ్రవరి 2025

చిరంజీవి జడ్సన్‌కు,

అక్క ఆశీస్సులు. నీ ఉత్తరంలో మూడు అక్షర దోషాలున్నాయి. ఎర్ర సిరాతో దిద్ది దాచాను, వచ్చినప్పుడు చూపిస్తాను.

కార్డు అందింది. మర్నాడే తీసుకొని జయరామయ్య కొట్టుకు పోయాను. అతను అటూ ఇటూ తిప్పి చూసి, "టీచరమ్మా, ఇదేంది, ఓటరు కార్డా? ఫోటో లేదే" అన్నాడు. సెల్లుతో కట్టించుకుంటాడట గాని కార్డు గీకే మిషను లేదట. మందుల షాపులో ఉంది. అందుకని నాకు కావలసిన బీపీ మాత్రలతో పాటు అక్కర్లేని దగ్గు మందు నాలుగు సీసాలు కొన్నాను. ఇక దగ్గు రావడమే తరువాయి.

నీ ఉత్తరం చదివాక ఆ రోజంతా పడవ ప్రయాణమే గుర్తుకొచ్చింది. నాన్న కళ్ళజోడు కోసం మద్రాసు పోతూ మన ముగ్గుర్నీ దుగ్గరాజపట్నం దగ్గర సరుగుడు కట్టెల పడవ ఎక్కించినాడే, ఆ ప్రయాణం. నాకు పద్నాలుగు, నీకు పది, అబిగయీలుకు ఆరు. అది కట్టెల మోపు మీదెక్కి కూర్చుని, బకింగాం కాలువ పక్కన ఏ పల్లె కనపడినా "మద్రాసొచ్చింది, మద్రాసొచ్చింది" అని అరిచేది. రెండు రోజుల్లో దానికి ఇరవై మద్రాసులు వచ్చాయి. అసలు మద్రాసు వచ్చేసరికి నిద్రపోయింది. నువ్వు పడవలో చేరిన నీళ్ళు తోడిపోస్తానని సరంగుతో బేరం పెట్టుకొని నీ బాడిగ ఎగ్గొట్టావు. నీకు ఈ ఆఫర్ల పిచ్చి ఈనాటిది కాదు.

ఇప్పుడు అసలు సంగతి. ఈ పాయింట్లు మనకు వచ్చిన రాబడే కదా? మరి దశమభాగం తీశావా? నాన్న ఎలా ఉండేవాడో మర్చిపోయావా? మామిడికాయల్లో పదోది, కోడిగుడ్లలో పదోది చర్చికి పోవలసిందే. తొమ్మిది గుడ్లు పెట్టి మానేసిన కోడిని నాన్న అనుమానంగా చూసేవాడు. ముప్పై ఆరు వేలలో పదో వంతు మూడు వేల ఆరొందలు. అది తీయకుండా మిగిలిన దానితో విమానం ఎక్కితే నాకు మనసొప్పదు, గాలిలో ఉన్నంతసేపూ అదే గుర్తుంటుంది.

ఇట్లు,
నీ అక్క మగ్దలీన

తా.క.: ఇంత తతంగమెందుకు, రైల్లో పోతే రాదా అస్సాం?

నెల్లూరు
15 ఫిబ్రవరి 2025

ప్రియమైన అక్కకు,

వందనాలు. రైల్లో పోతే వస్తుంది. మూడో రోజుకు వస్తుంది. కానీ రైలు టికెట్టుకు పాయింట్లు వాడితే విలువ సగం కూడా రాదు. అదే విమానానికి వాడితే ఒక్కో పాయింటుకు రూపాయికి పైనే గిట్టుబాటు. నాలుగేళ్ళు కూడబెట్టినదాన్ని రైలుకు తగలేసేంత పిచ్చివాణ్ణి కాను.

పైగా ఈ కార్డు చూపిస్తే విమానాశ్రయంలో పెద్ద హాలులోకి పంపిస్తారు. రెండు రూపాయలకే ఇడ్లీ, దోసె, పలావు, ఐస్‌క్రీమ్, ఎంత తిన్నా అడగరు. కాబట్టి విమానం పదకొండుకైతే మనం ఆరుకే పోవాలి. ముందు రోజు నుంచీ కడుపు కాస్త ఖాళీగా ఉంచుకో.

పాయింట్లకు దశమభాగమేమిటక్కా! నవ్వి నవ్వి నాకు పొలమారింది. అంత పట్టుదలగా ఉంటే కోత పండుగలో గుమ్మడికాయ పక్కన పెట్టి వేలం పాట పాడించు. పాస్టరు అబ్రహాము గారు కూడా కాసేపు నవ్వుకుంటారు.

నీ తమ్ముడు,
జడ్సన్

తా.క.: ఏంజెలిన్ ఈ మధ్య ఉల్లిపాయలు కొనేముందు కూడా "ఏ కార్డు?" అని అడుగుతోంది. ఎగతాళి చేస్తోందో నేర్చుకుంటోందో తెలియడం లేదు.

కోట
4 మార్చి 2025

చిరంజీవి జడ్సన్‌కు,

అక్క ఆశీస్సులు. నువ్వు చెప్పినట్టే చేశాను. మనసు తేలికైంది.

మొన్న ఆదివారం కోత పండుగ బ్రహ్మాండంగా జరిగింది. చర్చి నిండా కొత్త ధాన్యం, గుమ్మడికాయలు, అరటిగెలలు, రెండు కోడిపుంజులు, చెరువుల వాళ్ళిచ్చిన ఒక బకెట్టు రొయ్యలు. నేను అట్టముక్క మీద "3,600 పాయింట్లు, జడ్సన్ కానుక" అని పెద్దక్షరాలతో రాసి చెరకుగడకు కట్టాను. అబ్రహాము గారు అది చూసి చాలాసేపు ఆలోచించి, చివరకు "కంటికి కనపడని ఈవుల కొరకు" అని ప్రార్థన చేశారు.

తరవాత వేలం. సంఘం సెక్రటరీ క్రాంతి కుమార్ అట్ట పైకెత్తి, "ఇయి పాయింట్లు! చెడిపొయ్యేయి కావు, పురుగు పట్టేయి కావు, ఎవరు పాడతారు?" అని కేకేశాడు. ఎవరికీ అర్థం కాలేదు. అర్థం కాని వస్తువు ఖరీదైనదై ఉంటుందని అందరూ అనుకున్నారు. గుమ్మడికాయ మూడొందల దగ్గర ఆగితే పాయింట్లు వెయ్యి దాటాయి. వాకాడు పట్టపుపాళెం నుంచి మస్తానయ్య ఎప్పటిలాగే వంజరం చేపతో వచ్చి ఉన్నాడు. వాళ్ళది మన మతం కాదు గాని, నేను వాళ్ళ పిల్లలకు చదువు చెప్పినప్పటి నుంచీ మొదటి వలలో పడిన చేప మన పండుగకు తేవడం అతని ఆనవాయితీ. "టీచరమ్మ తమ్ముడి సొమ్ము బయటోళ్ళకు పోనిస్తామా!" అని పాట కొట్టేశాడు.

మన దగ్గర వాడుక నీకు తెలిసిందే. పాడుకున్నవాడు ఉదారంగా వస్తువును మళ్ళీ దేవునికే ఇచ్చేస్తాడు, దాన్ని మళ్ళీ పాడతారు. ఒకే గుమ్మడికాయ నాలుగుసార్లు అమ్ముడుపోతుంది. మస్తానయ్య కూడా అట్టే ఇచ్చేశాడు. అలా నీ పాయింట్లు అయిదుసార్లు పాటకు పోయాయి. చర్చి వరండాకు రేకులు వేయించేంత వచ్చింది!

చిక్కల్లా ఒక్కటే. గుమ్మడికాయయితే చివర పాడినవాడు ఇంటికి తీసుకుపోతాడు. ఇది అట్టముక్క కదా, వెనక్కి ఇచ్చినా తమ పాయింట్లు తమ పేరునే ఉన్నాయని అయిదుగురూ నమ్ముతున్నారు. జయరామయ్య తన వాటా ఎప్పుడొస్తుందని రోజూ అడుగుతున్నాడు. ఇడ్లీల కామమ్మ పిండి రుబ్బే గ్రైండరు కావాలంటోంది. మాట ఇచ్చాం కాబట్టి అందరికీ తలా మూడు వేల ఆరొందలు పంపించెయ్యి. మనకు మిగిలినవి విమానానికి చాలకపోతే ఒక వైపు నడిచి పోదాం, నాకేం అభ్యంతరం లేదు.

ఇట్లు,
నీ అక్క మగ్దలీన

తా.క.: పాయింట్లు ఎన్నాళ్ళు నిలవుంటాయి, ఐసు వెయ్యాలా అని మస్తానయ్య అడగమన్నాడు.

నెల్లూరు
8 మార్చి 2025

అక్కకు,

వందనాలు. నీ ఉత్తరం చదివి తల గోడకేసి కొట్టుకోవాలనిపించింది. నేను ఎగతాళికి రాస్తే నువ్వు నిజంగా పాట పాడించావా? పాయింట్లు ఒకరి నుంచి ఇంకొకరికి ఇచ్చేవి కావు. అవి బ్యాంకు లెక్కలో ఉంటాయి. అయిదుగురికీ తలా మూడు వేల ఆరొందలంటే పద్దెనిమిది వేలు! నాన్న కూడా పదో గుడ్డే ఇచ్చాడు గాని సగం కోడిని కోసివ్వలేదు. వాళ్ళందరికీ నువ్వే ఎలాగో సర్దిచెప్పు. కామమ్మకైతే మా రెండో ఫ్రిజ్జు ఇస్తాను.

ఇప్పుడొక మంచి వార్త. నా కార్డును పై రకానికి మార్చుకుంటే పాయింట్ల గడువు ఇంకో ఏడాది పెరుగుతుందట. జూన్ పదిహేనున విమానం కంపెనీ వాళ్ళు ఒకటికి ఒకటిన్నర లెక్కన బోనస్ ఇస్తారని తెలిసినవాళ్ళు చెప్పారు. అప్పుడు మనం ముందు సీట్లలో కాళ్ళు చాపుకొని పడుకొని పోవచ్చు. ఇప్పుడు పోతే నష్టం. కాబట్టి ప్రయాణం జూన్‌కు మార్చాను. అబిగయీలుకు కూడా అలాగే రాసేశాను. మూడు నెలల్లో ఏమవుతుంది?

నీ తమ్ముడు,
జడ్సన్

తా.క.: మస్తానయ్యకు ఐసు అక్కర్లేదని చెప్పు.

తేజ్‌పూర్ దగ్గర, అస్సాం
29 మార్చి 2025

చిరంజీవి జడ్సన్‌కు,

అక్క ఆశీస్సులు. పైన ఊరి పేరు చూసి కళ్ళు నలుపుకుంటూ ఉంటావు. సరిగానే చదివావు. నేను అబిగయీలు ఇంట్లో, దాని మంచం మీద కూర్చొని రాస్తున్నాను.

నీ జూన్ ఉత్తరం వచ్చిన రోజు నేను ఏమీ తినలేదు. మర్నాడు ఆ అయిదుగుర్నీ పిలిచి, తప్పు నాదే, పాయింట్లు ఇవ్వలేనని చెప్పి క్షమాపణ అడిగాను. ముప్పై ఆరేళ్ళు పిల్లల చేత తప్పులు ఒప్పించినదాన్ని, నాకు ఒప్పుకోవడం అలవాటు లేదు, కొంగుతో కళ్ళు తుడుచుకుంటూనే చెప్పాను. మస్తానయ్య, "దానికెందుకమ్మా కళ్ళనీళ్ళు? మేం పాడింది దేవుడికిగదా. మా పాయింట్లు గూడా నువ్వే పెట్టుకో, పోయి మీ చెల్లెల్ని చూసిరా" అన్నాడు. కామమ్మ, జయరామయ్య, క్రాంతి కుమార్, వాళ్ళతో పాటు పాడిన మాలకొండమ్మ, అందరూ అదే మాటన్నారు. మస్తానయ్య భార్య నాగులమ్మ పక్కనే నిలబడి ఉంది. "అస్సాంలో కామాఖ్యమ్మ గుడి ఉందంట గదక్కా. నీకు చెవులు నేనవుతా, నాకు చదువు నువ్వవు. ఇద్దరం పోదాం పా" అంది.

గూడూరు స్టేషన్‌లో కౌంటరు దగ్గర, నా దగ్గర అయిదుగురివి కలిపి పద్దెనిమిది వేల పాయింట్లు ఉన్నాయి, తీసుకుంటారా అని అడిగాను. ఆ అబ్బాయి లేచి నిలబడి నన్ను చూసి మళ్ళీ కూర్చున్నాడు. పెన్షన్ డబ్బుతో రెండు స్లీపరు టికెట్లు తీసుకున్నాను. పది నిమిషాలు పట్టింది. రైలు మధ్యాహ్నం మీ నెల్లూరులో రెండు నిమిషాలు ఆగింది. కిటికీలోంచి ప్లాట్‌ఫారమంతా చూశాను. నీకు చెప్పలేదు కదా, నువ్వెందుకుంటావు? అయినా చూశాను.

అబిగయీలు గుమ్మంలో నిలబడి ఉంది. జుట్టంతా తెల్లబడింది. నా ముఖం రెండు చేతుల్లోకి తీసుకొని, వెలుతురు వైపు తిప్పుకొని, ఒక పక్కగా పెట్టి చూసింది. ఎదురుగా పెడితే కనిపించదట. "అక్కా, నీకు అమ్మ ముక్కు వచ్చింది" అంది. ఇద్దరం ఏడ్చాం. నాగులమ్మకు ఎవరు ఎందుకు ఏడుస్తున్నారో తెలుసు గనక తానూ ఏడ్చింది. ఈస్టరు దాకా ఇక్కడే ఉంటాను.

నీకు నాలుగు మాటలు తానే రాస్తానంటోంది. కాగితం ఇస్తున్నాను.

ఇట్లు,
నీ అక్క మగ్దలీన

జడ్సన్ అన్నా,
అక్క ముఖం చూశాను. నీది ఫోటోలో చూస్తున్నాను, చాలడం లేదు. జూన్‌కు టికెట్లు ఇంకా లాభమని రాశావు. జూన్‌కు నాకు నీ గొంతు ఒక్కటే ఉంటుందని మా డాక్టరమ్మ చెప్పింది. నీ గొంతు కూడా నాకిష్టమే.
నీ చెల్లెలు అబిగయీలు

తా.క. (అక్కది): దగ్గు మందు నాలుగు సీసాలూ ఇక్కడికి తెచ్చాను. ఇక్కడి వానలకు మంచి గిరాకీ.

నెల్లూరు
6 ఏప్రిల్ 2025

మగ్దలీనక్కకు, అబిగయీలుకు,

ఉత్తరం నిన్న అందింది. మొదట కోపం వచ్చింది. మా ఊళ్ళో రైలు ఆగితే ఒక్క మాట చెప్పకుండా పోతావా అని. తరవాత అబిగయీలు రాసిన నాలుగు లైన్లు చదివాను. రెండోసారి చదవలేకపోయాను. ఏంజెలిన్ చదివింది. అటక మీద నుంచి పెట్టె దించి, నా చొక్కాలు సర్ది, "ఇప్పుడు ఏ కార్డు మీద పోతారో పోండి" అంది.

అక్కా, నీకొక సంగతి చెప్పాలి. బెత్తం తీసుకున్నా సరే. నలభై వేల పాయింట్లు నాకు రెండేళ్ళ కిందటే నిండాయి. ముప్పై ఆరు వేలని నీకు రాసింది అబద్ధం. నిన్నటికి లక్షా పది వేలు ఉన్నాయి. నువ్వు పాట పాడించింది దశమభాగం కూడా కాదు.

ఎందుకంటావా? భయం. అబిగయీలు ఎడమ కన్ను పోయిందని రాసిన రోజే టికెట్లు తీద్దామని కూర్చున్నాను. నేను ఎదురుగా నిలబడితే నా చెల్లెలు నన్ను చేత్తో తడుముకుంటుందేమో, అప్పుడు నేనేం చెయ్యాలి, ఏం మాట్లాడాలి అనిపించింది. బటన్ నొక్కబోయిన వేలు వెనక్కి తీశాను. వచ్చే నెల ఇంకా మంచి ఆఫరు వస్తుందని నాకు నేనే చెప్పుకున్నాను. ఆ నెల కూడా అదే చెప్పుకున్నాను. నేను పోనంతకాలం దాని కళ్ళు బాగానే ఉన్నట్టు నాకు. లెక్కల్లో తలదూర్చి పిరికితనాన్ని దాచుకున్నాను. మీరిద్దరూ నన్ను క్షమించాలి.

రేపటి విమానంలో పాయింట్లకు ఇచ్చే సీట్లు అయిపోయాయన్నారు. పూర్తి ధర పెట్టి కొన్నాను. బేరం ఆడకుండా, కూపన్ వెతకకుండా, కళ్ళు మూసుకొని డబ్బు కట్టడం నా జన్మలో ఇదే మొదటిసారి. చాలా తేలిగ్గా ఉంది, ముందే చెయ్యవలసింది.

మీ
జడ్సన్

తా.క.: ఈ ఉత్తరం తపాలాలో వేస్తే మీకు వారానికి గాని అందదు. రేపు సాయంత్రానికి నేనే అక్కడ ఉంటాను కాబట్టి జేబులో పెట్టుకొని తెస్తున్నాను. అక్కా, నా చేతిలోంచి లాక్కొని నువ్వు చదవద్దు. దీపం పక్కన, అబిగయీలుకు బాగా కనపడే వైపు కూర్చొని, మెల్లగా నేనే చదువుతాను. చదివినంతసేపూ అది నా ముఖం చూసుకోవచ్చు.